నా ఫిన్ తగిలి పగడం విరిగింది: తప్పు నాదా, నాకు నేర్పిన పద్ధతిదా?

పటమట_పయనం | ఆదివారం, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. గత నెలలో విజయవాడ నుంచి మేము నలుగురం చెన్నై మీదుగా అండమాన్ వెళ్ళి, స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హేవలాక్) స్కూబా డైవింగ్‌లో తొలి మెట్టయిన నాలుగు రోజుల ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేసి వచ్చాము. ధ్రువపత్రం చేతికి వచ్చిన సంబరం ఇంకా తీరకముందే, నా వెనుక ఈదిన స్నేహితుడు తన చిన్న కెమెరాతో తీసిన వీడియోను మొన్న టీవీలో పెట్టి చూపించాడు. పద్నాలుగో నిమిషం దగ్గర నేను జింకకొమ్ముల్లాంటి పగడం పైనుంచి పోతూ, ఏదో చేపను చూడటానికి ఆగి, నీళ్ళలో నిలువుగా లేచాను. అప్పుడు నా ఎడమ ఫిన్ (ఈతకు పాదానికి తొడుక్కునే తెడ్డు) కొస ఆ కొమ్మల మధ్యకు దిగింది. వేలెడంత ముక్క ఒకటి విరిగి, గిరగిరా తిరుగుతూ ఇసుకలో పడింది. విరిగిన చోటు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆ సంగతి నాకు తెలియనే లేదు. అదే క్షణంలో నేను బొటనవేలూ చూపుడువేలూ కలిపి, అంతా బాగుందని గైడుకు సైగ చేస్తున్నాను.

పగడాలను ముట్టుకోవద్దని మాకు చెప్పకపోలేదు. పడవ మీద, ఇంజను మోతలో, ఒక్క వాక్యంలో చెప్పారు. నేను 62 కిలోలు ఉంటాను. నడుముకు ఎనిమిది కిలోల సీసం కట్టారు. ఎందుకంత అని అడిగితే, కొత్తవాళ్ళు తేలిపోతారు కాబట్టి ఇదే మంచిదన్నారు. ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాలని ఉంది. ఈలోగా నేను నేర్చుకోవలసింది ఏమిటో అనుభవజ్ఞులు చెప్పగలరా?

సూటిమాట | ఆదివారం, రాత్రి 10:15

మీ మనసు మంచిదే కానీ, ఇంత బాధపడవలసిన విషయమా ఇది? 1998లో, మళ్ళీ 2016లో లక్షద్వీప్‌లో, 2010లో అండమాన్‌లో సముద్రం వేడెక్కి పగడాలు విస్తారంగా తెల్లబడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడటం ఇది నాలుగోసారి అని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. కొండంత నష్టం కళ్ళ ముందుండగా గోరంత ముక్క గురించి తప్పెవరిదని పంచాయితీ పెట్టడం నాకు వింతగా ఉంది. మన బొగ్గు విద్యుత్కేంద్రాలను వదిలేసి మీ ఎడమ కాలిని నిలదీస్తే ఏం లాభం?

మంగళగిరి_జంతుశాస్త్రం | సోమవారం, ఉదయం 6:50

సూటిమాట గారు గోరంత అన్నారు కాబట్టి గోటి లెక్కే చెబుతాను. మన చేతి గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే ఏడాదికి మూడున్నర సెంటీమీటర్లకు పైమాటే. బండరాయిలా గుండ్రంగా ఉండే పోరైటీస్ పగడం ఏడాదికి పెరిగేది దాదాపు ఒక సెంటీమీటరు. కొమ్మల పగడాలు అంతకంటే చాలా వేగంగా పెరుగుతాయి కానీ, విరగడంలోనూ అవే ముందుంటాయి. పడిన ముక్క అదృష్టం బాగుండి గట్టి నేల మీద నిలదొక్కుకుంటే బతకవచ్చు; ఇసుకలో పడి దొర్లితే సాధారణంగా చచ్చిపోతుంది.

పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను తరచూ వినే పొరపాటు ఒకటుంది. పగడాన్ని వాళ్ళు రాయి అనుకుంటారు, లేకపోతే మొక్క అనుకుంటారు. అది వేలాది చిన్న జీవుల కాలనీ. ఒక్కొక్క జీవిని పాలిప్ అంటారు. పాలిప్‌ల కణజాలంలో కాపురముండే సూక్ష్మ శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి వాటికి పెడతాయి. నీరు వేడెక్కితే ఈ కాపురం చెడి శైవలాలు బయటికి పోతాయి. తెల్లబడటం అంటే ఇదే. కిందనున్న సున్నపు అస్థిపంజరం మీద సజీవమైన పొర చాలా పల్చన. ఫిన్ అంచు రాసుకున్నా, చేతి గోరు గీసుకున్నా ఆ పొర చిరుగుతుంది, చిరిగిన చోట రోగం ప్రవేశిస్తుంది. థాయిలాండ్‌లోని కో టావ్ దీవి దగ్గర జరిగిన అధ్యయనం 2014లో ప్రచురితమైంది. డైవర్ల రద్దీ ఎక్కువగా ఉన్న చోట్ల పగడాల వ్యాధులు, రద్దీ తక్కువ ఉన్న చోట్లకంటే మూడింతలు ఉన్నట్టు అందులో తేలింది.

వేడి పెద్ద ముప్పు అన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే జ్వరంతో మంచాన పడ్డవాడి కాలు తొక్కి, అసలు రోగం జ్వరమే కదా అని సర్దిచెప్పుకుంటామా?

బ్రాడీపేట_ఫిజిక్స్ | సోమవారం, ఉదయం 11:20

నేను డైవింగ్ ఎరగను. గుంటూరులో ముప్ఫై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. కానీ ఎనిమిది కిలోలు అన్న అంకె చూడగానే కాగితం, కలం తీశాను.

మంచినీళ్ళలో మునిగే కోడిగుడ్డు ఉప్పునీళ్ళలో తేలుతుందన్నది వంటింట్లో అందరూ చూసేదే. సముద్రపు నీరు మంచినీటికంటే సుమారు రెండున్నర శాతం బరువు. మనిషీ సామానూ కలిపి వంద లీటర్ల నీటిని పక్కకు నెడితే, మన ఈతకొలనులో సరిపోయిన బరువుకు సముద్రంలో మరో రెండున్నర కిలోలు కలపాలి. ఇంతవరకు న్యాయమే. రెండోది సిలిండరు. పదకొండు లీటర్ల అల్యూమినియం సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి బరువు రెండున్నర కిలోలు దాటుతుంది. అందులో 150 బార్లు పీల్చేసరికి డైవర్ రెండు కిలోలు తేలికవుతాడు. ఆ లోటు పూడ్చడానికి మొదటే కొంత ఎక్కువ కట్టుకోవాలి. ఇదీ న్యాయమే. ఇవన్నీ వేసుకున్నా పల్చని సూటు తొడిగిన 62 కిలోల మనిషికి ఎనిమిది కిలోలు రావు.

మిగిలిన బరువు ఏం చేస్తుందో చూడండి. నాలుగు కిలోలు అదనంగా ఉంటే, మునిగిపోకుండా ఉండటానికి జాకెట్టులో, మీరు బీసీడీ అంటారు కాబోలు, నాలుగు లీటర్ల గాలి అదనంగా నింపాలి. పది మీటర్ల లోతులో పీడనం రెండు అట్మాస్ఫియర్లు. అక్కడినుంచి ఐదు మీటర్లకు వస్తే ఒకటిన్నర. అదే గాలి ఐదు లీటర్ల పైన మరో మూడో వంతు లీటరుకు ఉబ్బి మనిషిని ఇంకా పైకి లాగుతుంది. కంగారుపడి గాలి వదిలితే బండలా దిగుతాడు. పైగా గాలి ఛాతీ దగ్గర, సీసం నడుము దగ్గర ఉండటంతో ఒళ్ళు వాలుగా నిలబడుతుంది, కాళ్ళు కిందికి వేలాడతాయి. ఆ కాళ్ళ కింద ఏముందో మొదటి పోస్టులోనే ఉంది.

నీలికెరటం | సోమవారం, రాత్రి 8:05

మాస్టారు డైవింగ్ ఎరగనంటూనే నేను ఆరేళ్ళు చెప్పిన పాఠం చెప్పేశారు. మాది తెనాలి. అండమాన్‌లో ఇన్‌స్ట్రక్టరుగా పనిచేసి, ఇప్పుడు విజయవాడలోనే ఉంటున్నాను. లోపలివాడిగా కొన్ని నిజాలు ఒప్పుకోవాలి.

కొత్తవాళ్ళకు బరువు ఎక్కువ కట్టడం వెనుక ఒక క్రమం ఉంది. భయపడిన మనిషి ఊపిరి నిండా గాలి పీల్చి, పూర్తిగా వదలకుండా పట్టుకుంటాడు. రెండు లీటర్ల గాలి లోపల నిలిచిపోతే రెండు కిలోలు తేలికైనట్టే. అతడు మునగడు. పడవలో మరో బృందం ఎదురుచూస్తూ ఉంటుంది. ఊపిరి వదలడం నేర్పడానికి పది నిమిషాలు పడుతుంది, సీసం దిమ్మె తగిలించడానికి పది సెకన్లు చాలు. మేము సీసమే తగిలిస్తాము. పావుగంటకు అతడి భయం తగ్గి ఊపిరి కుదుటపడుతుంది, కానీ సీసం మాత్రం నడుముకే ఉంటుంది. అప్పటినుంచి అతడు పగడాల మీదికి దిగుతూ, కాళ్ళు తపతపా కొట్టుకుంటూ పైకి రావలసిందే.

రెండో నిజం మోకాళ్ళది. మాస్కులో నీరు తీయడం, నోటినుంచి జారిన రెగ్యులేటరును (సిలిండరు గాలిని నోటికి అందించే పరికరం) వెతికి పట్టుకోవడం వంటి అభ్యాసాలన్నీ ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చేయించడం పాత అలవాటు. ఇన్‌స్ట్రక్టరుకు సులువు, అందరూ ఒకే చోట కనబడతారు. కానీ విద్యార్థి శరీరం నేర్చుకునేది వేరు. ఏదైనా పని చేయాలంటే ముందు నిలువుగా లేచి, కింద ఏదో ఒకదానికి ఆనుకోవాలని అది నేర్చుకుంటుంది. పటమట గారు చేపను చూడగానే నిలువుగా లేవడం అదే. 2014 ప్రాంతంలో డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ తన ఓపెన్ వాటర్ కోర్సును సవరించి, మునగకుండా, పైకి లేవకుండా తటస్థంగా తేలడానికీ, అడ్డంగా పడుకున్నట్టు ఉండే భంగిమకూ ప్రాధాన్యం పెంచింది. మంచి కేంద్రాల్లో ఇప్పుడు అభ్యాసాలు తేలుతూనే చేయిస్తారు. కాగితం మీద మారినంత త్వరగా ఇసుకలో మారలేదన్నది నా అభిప్రాయం.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: విరిచిన కాలు మీదే, ఆ కాలిని అక్కడికి దింపింది మాత్రం మా వృత్తి.

కెమెరా_కన్ను | సోమవారం, రాత్రి 10:30

గుంటూరు నుంచి రాస్తున్నాను. నీటి అడుగున ఫొటోలు తీయడం నా పిచ్చి. నీలికెరటం గారు తమ వృత్తి తరఫున ఒప్పుకున్నారు కాబట్టి నేను మా జాతి తరఫున ఒప్పుకుంటాను. కొత్తవాడు చేసే నష్టం తెలియక చేసేది, మాది తెలిసి చేసేది. గోరంత సముద్రపు నత్త రంగులు అద్దంలో సరిగ్గా కుదరడానికి ఐదు నిమిషాలు కదలకుండా ఉండాలి. రెండు చేతులూ కెమెరాకు అప్పగించాక మోచేయి ఎక్కడో ఆనుతుంది. చచ్చిన రాయే కదా అని ఒక వేలు ఆనిస్తాము. దాని మీద అప్పుడే మొలుస్తున్న పగడపు పిల్లలు కంటికి కనబడవు.

కరీబియన్‌లోని సెయింట్ లూసియాలో 353 మంది డైవర్లను నీళ్ళలో వెంబడించి గమనించిన అధ్యయనం 2004లో వెలువడింది. దాదాపు ముప్పాతిక మంది కనీసం ఒక్కసారైనా పగడపు దిబ్బను తాకారు. కెమెరా ఉన్నవాళ్ళు లేనివాళ్ళకంటే ఎక్కువగా తాకారు. అది చదివిన రోజు నా కెమెరాను చూస్తే సిగ్గనిపించింది, అమ్మెయ్యలేదు గానీ.

సూటిమాట | మంగళవారం, ఉదయం 7:10

జ్వరం పోలిక బాగుంది టీచరమ్మా, కాదనను. అయినా ఒక అనుమానం మిగిలింది. వీటన్నిటికీ పరిష్కారం డైవింగుకు ముందు గట్టిగా నాలుగు మాటలు చెప్పడమే కదా? చెప్పారనీ, అయినా విరిగిందనీ మొదటి పోస్టులోనే ఉంది. మరి శిక్షణ వల్ల ఉపయోగం ఏమిటి?

మంగళగిరి_జంతుశాస్త్రం | మంగళవారం, మధ్యాహ్నం 1:25

సరైన చోటే పట్టుకున్నారు. దీని మీద రెండు అధ్యయనాలు పైకి పరస్పర విరుద్ధంగా కనబడతాయి. ఈజిప్టులోని రాస్ మొహమ్మద్ జాతీయ ఉద్యానంలో చేసిన పరిశీలన 1997లో అచ్చయింది. అక్కడ డైవర్లకు బొమ్మలతో ముప్పావుగంట వివరించి, ఆ తరువాత నీళ్ళలోకి తీసుకువెళ్ళి ఏది సజీవమైన పగడమో, ఏది ఉత్త రాయో వేలితో చూపించారు. అంతకుముందు ఒక్కొక్క డైవరు ఏడు నిమిషాలకు సగటున 1.4 సార్లు దిబ్బను తాకేవాడు. వివరించాక అది 0.4కు తగ్గింది. కెమెరా_కన్ను గారు చెప్పిన సెయింట్ లూసియా అధ్యయనంలోనేమో, మామూలు సూచనల మధ్య దిబ్బను తాకవద్దని ఒక వాక్యం చేర్చి చూస్తే ఏ మార్పూ రాలేదు. నీళ్ళలో గైడు దగ్గరుండి, తగలబోతున్నవాణ్ణి ఆపి సరిదిద్దినప్పుడే తాకిళ్ళు బాగా తగ్గాయి.

నాకు ఇందులో వైరుధ్యం కనబడదు. ముప్పావుగంట వివరణా, ఇంజను మోతలో ఒక వాక్యమూ రెండింటికీ మనం సూచనలు అన్న ఒకే పేరు పెట్టుకున్నాం, అంతే.

నీలికెరటం | మంగళవారం, రాత్రి 9:00

నా అనుభవం దీనికి సరిపోతుంది. ఎక్కువ తాకిళ్ళు మొదటి పది నిమిషాల్లోనే జరుగుతాయి. అప్పటికి మనిషి బీసీడీ సర్దుకుంటూ, ముక్కు నొక్కి చెవుల్లో ఒత్తిడి సరిచేసుకుంటూ ఉంటాడు. అందుకే నేను ఎప్పుడూ ముందు ఇసుక మీదికి దింపి, అందరూ కుదురుకున్నాకే దిబ్బ వైపు నడిపించేవాణ్ణి. లంగరుకు బదులు నీటిపై తేలే బోయకు కట్టే పడవలకు ఈ వెసులుబాటు తక్కువ. బోయ తాడు దిగే చోటే రోజూ అందరూ దిగుతారు, ఆ తాడు పక్కనున్న పగడానిదే దురదృష్టం. సూటిమాట గారి గోరంత లెక్క అక్కడ తప్పుతుంది. సముద్రమంతటి మీదా పంచితే గోరంతే. కానీ తాకిళ్ళన్నీ ఒకే తాడు చుట్టూ పడతాయి.

అరండల్‌పేట_నాన్న | బుధవారం, ఉదయం 9:45

మా అమ్మాయికి పదిహేనేళ్ళు నిండాయి. సంక్రాంతి సెలవుల్లో కోర్సు చేస్తానంటోంది. డబ్బు కట్టేముందు ఆ కేంద్రం వాళ్ళను ఏమేమి అడగాలో నీలికెరటం గారు చెప్పగలరా? వాళ్ళ వెబ్‌సైటులో తాబేళ్ళ ఫొటోలే తప్ప మరేమీ లేవు.

నిర్వాహకులు | బుధవారం, ఉదయం 10:30

ఒక సభ్యుడు ఫలానా కేంద్రం పేరు రాసి నిందించగా ఆ పోస్టును తొలగించాము. పేర్లు వద్దు, పద్ధతుల గురించి మాట్లాడుకుందాం. అరండల్‌పేట_నాన్న గారి ప్రశ్న ఈ చర్చకు సంబంధించినదే కాబట్టి ఇక్కడే కొనసాగించవచ్చు.

నీలికెరటం | బుధవారం, రాత్రి 8:40

అన్నా, మొట్టమొదట ఒక ఇన్‌స్ట్రక్టరుకు ఎంతమంది విద్యార్థులని అడగండి. ప్రమాణాల ప్రకారం ఎనిమిది మంది వరకు ఉండవచ్చు. నలుగురికి మించితే నేనైతే మా పిల్లను పంపను. బరువు పరీక్ష చేయిస్తారా అని అడగండి. నీటి పైన బీసీడీలో గాలంతా తీసేసి, మామూలు ఊపిరి పట్టుకుంటే నీరు కళ్ళ మట్టానికి రావాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఐదు నిమిషాల పని. అవసరం లేదండీ, మాకు మనిషిని చూస్తే తెలుస్తుందని ఎవరైనా అంటే ఫోను పెట్టేయండి. అభ్యాసాలు మోకాళ్ళ మీదా, తేలుతూనా అన్నది మూడో ప్రశ్న. దీనికి తడబాటు లేకుండా జవాబు వస్తే మిగతావన్నీ బాగుంటాయని నా నమ్మకం.

అమ్మాయికి కప్ప తన్ను నేర్పమని కూడా చెప్పండి. మోకాళ్ళు వంచి, పాదాలను పక్కలకు తిప్పి కప్పలా వెనక్కి తన్నితే నీటి ఒరవడి వెనక్కే పోతుంది. కాళ్ళను కిందికీ పైకీ ఆడించే మామూలు తన్నుతో అది నేరుగా అడుగుకు తగిలి ఇసుక లేస్తుంది. ఫిన్ తగలకపోయినా ఆ ఇసుక పగడం మీద పడితే, దాన్ని తుడుచుకోవడానికి పగడం బంక కార్చాలి, అందుకు శక్తి ఖర్చు చేసుకోవాలి. వేలాడే పీడన మీటరునూ, అదనపు రెగ్యులేటరునూ జాకెట్టుకు క్లిప్పు పెట్టించండి. వాటిని పగడాల మీద ఈడ్చుకుపోయేవాళ్ళను లెక్కలేనంతమందిని చూశాను. చేతితొడుగులు వద్దు. అవి ఉంటే చేయి దేన్నయినా పట్టుకునే ధైర్యం చేస్తుంది. చాలా సముద్ర ఉద్యానాల్లో వాటిని నిషేధించింది అందుకే.

ఇంకొక మాట. తీరంలో దొరికిందని చచ్చిన పగడం ముక్కను కూడా సంచిలో వేసుకోనివ్వకండి. గట్టి పగడాలు 2001 నుంచి మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే పులితో సమానం.

యనమలకుదురు_కుర్రాడు | బుధవారం, రాత్రి 11:15

తేలడం నేర్చుకోవడానికి అంత దూరం పోవడం దేనికి, బ్యారేజీ ఎగువన కృష్ణలో నీళ్ళు నిలకడగానే ఉంటాయి కదా? పోనీ సూర్యలంక వెళ్తే సముద్రమే ఉంది. అక్కడ పగడాలు కూడా లేవు కాబట్టి విరిచే భయం లేదు.

నీలికెరటం | గురువారం, ఉదయం 6:30

తమ్ముడూ, ఏటిలో వద్దు. పైకి నిలకడగా కనబడే చోట ఇసుక తవ్విన గుంతలుంటాయి. ఏటా ఎన్ని ప్రాణాలు పోతున్నాయో మన ఊరివాడివి నీకు నేను చెప్పాలా? మసక నీళ్ళలో నీ ఫిన్ నీకే కనబడదు, నేర్చుకునేదీ ఏమీ ఉండదు. దీనికి తేటగా ఉన్న ఈతకొలను కావాలి. నా దగ్గర రెండు సెట్ల సామాను ఉంది. పటమట గారు సరేనంటే ఆదివారం ఉదయాలు కొలను వాళ్ళను నేను అడుగుతాను.

మంగళగిరి_జంతుశాస్త్రం | గురువారం, ఉదయం 7:40

సూర్యలంకలో పగడాలు ఎందుకు లేవో కూడా ఒక ముక్క చెప్పనివ్వండి, పాఠం చెప్పే అలవాటు పోదు. కృష్ణా గోదావరులు తెచ్చే ఒండ్రు వెలుతురును అడ్డుకుంటుంది, అవి తెచ్చే మంచినీరు ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. దిబ్బలు కట్టే పగడాలకు రెండూ గిట్టవు. అందుకే మన దేశంలో పెద్ద దిబ్బలు కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దగ్గరే ఉన్నాయి. మనకు పంట పండించే మట్టే వాటికి ఊపిరాడనివ్వదు.

సూటిమాట | గురువారం, రాత్రి 9:20

బొగ్గు గురించి నేనన్నది వెనక్కి తీసుకోను. మిగతాది తీసుకుంటాను. ఆదివారం కొలను దగ్గరికి చూడటానికి రావచ్చా? నీళ్ళలోకి మాత్రం దిగను.

పటమట_పయనం | మూడు వారాల తరువాత, ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. మూడు ఆదివారాలుగా కొలనుకు వెళ్తున్నాము. మొదటి రోజు నీలికెరటం గారు ఇంటినుంచి స్టీలు గ్లాసు తెమ్మన్నారు. దాన్ని కొలను అడుగున నిలబెట్టి, పైన ఒక చెంచా అడ్డంగా పెట్టారు. దాని మీదుగా మూరెడు ఎత్తులో అడ్డంగా తేలుతూ, ముందు మాస్కులో నీరు తీయాలి, తరువాత ఉన్నచోటనే ఒక చుట్టు తిరగాలి. చెంచా పడకూడదు. మొదటి రోజు పదకొండుసార్లు పడింది. చెంచా అడుగున పడ్డ చప్పుడు నీళ్ళలో ఎంత స్పష్టంగా వినబడుతుందో చెప్పలేను. అండమాన్‌లో నాకు అలాంటి చప్పుడేదీ వినబడలేదు. గట్టు మీదనుంచి సూటిమాట గారు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు.

బరువు పరీక్ష కూడా చేశాము. మంచినీళ్ళలో నాకు రెండు కిలోలు సరిపోయాయి. మాస్టారి లెక్క ప్రకారం సముద్రానికి రెండున్నర కలిపితే నాలుగున్నర అవుతుంది, ఎనిమిది ఎక్కడ? ఊపిరి పూర్తిగా వదలడమే అన్నిటికంటే కష్టమైంది. వదిలేటప్పుడు ఛాతీ ఎందుకో బిగుసుకుంటుంది.

ఈ రోజు చెంచా రెండుసార్లే పడింది. వీడియోలో చూసుకుంటే రెండుసార్లూ తగిలింది ఎడమ ఫినే.

నీలికెరటం | ఆదివారం, మధ్యాహ్నం 12:45

చూశాను. చుట్టు తిరిగేటప్పుడు మీ ఎడమ తుంటి కిందికి వాలుతోంది. బెల్టు మీద సీసం దిమ్మెలు రెండూ ఎడమకు జరిగినట్టున్నాయి. వచ్చే వారం ఒకటి తీసి సిలిండరు పట్టీకి కట్టి చూద్దాం. గ్లాసు మరిచిపోకండి. ఈసారి రెండు తెండి, అరండల్‌పేట అన్న తమ అమ్మాయిని తీసుకువస్తున్నారు.